మా పిల్లలు వేసవంతా వాడిన ఫ్రీ లెర్నింగ్ సైట్లు: హిస్టరీ, సైన్స్, కథలు రాయడం మీద నా రివ్యూ

పోయిన వేసవి సెలవుల్లో మా ఇంట్లో జరిగింది రాస్తున్నానండి, కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి. మేం ఉండేది న్యూజెర్సీలో, ఇక్కడ జూన్ చివర్లో స్కూళ్లు మూసేస్తే మళ్లీ సెప్టెంబర్ దాకా తెరవరు. పెద్దది ఏడో గ్రేడ్‌కి వెళ్తోంది, చిన్నోడు నాలుగుకి, మేమిద్దరం ఉద్యోగాలు చేస్తాం, ఇద్దరికీ కలిపి సమ్మర్ క్యాంపులు పెడదామంటే జీతంలో చాలా భాగం అటే పోయేట్టుంది. అందుకని రెండు వారాలు మాత్రం క్యాంపుకి పంపి మిగతా రోజులు పొద్దున్నే రెండు గంటలు ఇంట్లోనే ఆన్‌లైన్‌లో పనికొచ్చేది ఏదైనా చేయిద్దాం అనుకున్నాం. నాకు వర్క్ ఫ్రమ్ హోమ్ వారానికి మూడు రోజులు, పక్క టేబుల్ మీద వాళ్లు, ఈ టేబుల్ మీద నేను.

మొదట చేసిన పని డబ్బు కట్టి ఒక యాప్ తీసుకోవడం. పేరు చెప్పను. ఏడాదికి 120 డాలర్లు. అన్ని సబ్జెక్టులూ ఉన్నాయన్నాడు, ఇంటరాక్టివ్ అన్నాడు, బొమ్మలు బాగున్నాయి, చిన్నోడికి ఒక డైనోసార్ ఇచ్చారు దానికి పేరు పెట్టుకోమన్నారు, పాఠం పూర్తి చేస్తే డైమండ్లు, డైమండ్లతో డైనోసార్‌కి టోపీ కొనొచ్చు. మొదటి వారం నేను మురిసిపోయా, వాడే లేచి కూర్చుంటున్నాడు కదా అని. రెండో వారం ఒక రోజు వెనక నుంచి చూశాను. ఈజిప్టు మీద పాఠం, పది ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. వాడు ప్రశ్న చదవట్లేదు. మొదటిది నొక్కుతున్నాడు, తప్పంటే రెండోది, తప్పంటే మూడోది, కరెక్ట్ పడగానే డైమండ్. పది ప్రశ్నలు రెండు నిమిషాల్లో అయిపోయాయి. "పిరమిడ్లు ఎవరు కట్టారురా" అంటే "సీ" అన్నాడు. ఆప్షన్ సీ అన్నమాట. నాకు నిజంగా బాధేసింది, వాడి మీద కాదు, ఆ యాప్ నేర్పిందే వాడు నేర్చుకున్నాడు. అది క్యాన్సిల్ చేయడానికి మూడు మెయిల్స్ పెట్టాల్సొచ్చింది, డబ్బు సగమే వెనక్కొచ్చింది.

అప్పట్నుంచి నేను ఒకటే చూస్తున్నా. పిల్లాడు తప్పు చేస్తే అవతల ఏం జరుగుతుంది? "తప్పు, మళ్లీ ప్రయత్నించు" అని వస్తే అది పరీక్ష పేపరే, మీద రంగులేశారు అంతే. తప్పు చేస్తే ఆ తప్పు వల్ల ఏం అవుతుందో కళ్లకి కనిపిస్తే, అప్పుడు పిల్లాడు ఆగి చూస్తాడు. ఈ లెక్కన చూసుకుంటే మాకు మిగిలినవి నాలుగే, నాలుగూ ఫ్రీ.

ముందు హిస్టరీ. మిషన్ యూఎస్ అని న్యూయార్క్‌లో ఉన్న పబ్లిక్ టీవీ స్టేషన్ డబ్ల్యూఎన్ఈటీ వాళ్లు తయారు చేయించిన గేములు ఇవి, మొదటిది 2010లో వచ్చింది. యాడ్స్ లేవు. అన్నీ అమెరికా చరిత్రే, ఒక్కో గేములో మీరు ఒక పిల్లో పిల్లాడో అవుతారు, ఆ కాలంలో ఆ ఊళ్లో బతకాలి, ఎవరితో ఏం మాట్లాడాలో మీరే ఎంచుకోవాలి. మొదటి గేములో నాట్ వీలర్ అని 14 ఏళ్ల కుర్రాడు, 1770లో బోస్టన్‌లో ప్రింటింగ్ ప్రెస్‌లో పని నేర్చుకోవడానికి చేరతాడు. ఊళ్లో ఎటు చూసినా ఎర్ర కోట్ల బ్రిటిష్ సైనికులు, జనం రెండుగా చీలిపోయి ఉంటారు, రాజుగారి వైపు వాళ్లు కొందరు, ఎదిరించేవాళ్లు కొందరు, వీడు అందరితోనూ మాట్లాడాలి. ఎవరినీ విలన్‌గా పెట్టలేదు, అదే నాకు బాగా నచ్చింది. షాపు నడుపుకునేవాడికి వాడి కష్టాలున్నాయి, ప్రెస్ ఓనర్‌కి వాడి కోపం ఉంది.

అసలు గొప్పతనం చివర్లో ఉంది. 1770 మార్చి 5 రాత్రి సైనికులు జనం మీద కాల్పులు జరిపారు కదా, ఐదుగురు చనిపోయారు, బోస్టన్ మాసకర్ అంటారు, అంటే ఊచకోత. గేములో మీరు ఆ గుంపులోనే ఉంటారు. కానీ జరిగిందంతా చూపించరు, ముక్కలు ముక్కలుగా కొన్నే కనిపిస్తాయి, ఒకరికి కనిపించినవి ఇంకొకరికి కనిపించాలని లేదు. తర్వాత మిమ్మల్ని కూర్చోబెట్టి సాక్ష్యం అడుగుతారు, నువ్వేం చూశావు, ముందు ఎవరు మొదలుపెట్టారు అని.

మా పెద్దదీ, పక్కింటి తెలుగు వాళ్లమ్మాయీ ఇద్దరూ ఒకే రోజు, వాళ్ల ల్యాప్‌టాప్‌లో వాళ్లు మా ల్యాప్‌టాప్‌లో మాది, ఆడారు. ఆడాక డైనింగ్ టేబుల్ దగ్గర గొడవ. "జనమే మంచు గడ్డలు విసిరారు, కర్రలు పట్టుకుని మీదికెళ్లారు, నేను చూశాను" అని ఇది, "సైనికులే తోశారు, నేనూ చూశాను" అని ఆ పిల్ల. కాసేపయ్యాక ఇద్దరికీ వెలిగింది, ఒకరు చూసింది ఇంకొకరు చూడలేదని. నేను వంటింట్లో పప్పుకి పోపు పెడుతూ వింటున్నా, చెయ్యి ఆగిపోయిందంటే నమ్మండి. మేం చదువుకునేప్పుడు హిస్టరీ అంటే సంవత్సరం, కారణాలు, ఫలితాలు, పది మార్కులు. ఇద్దరు మనుషులు అబద్ధం ఆడకుండానే రెండు రకాలుగా చెప్పొచ్చు అని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత వాళ్లే వెతుక్కున్నారు, ఆ సైనికుల తరఫున కోర్టులో వాదించింది జాన్ ఆడమ్స్ అని, అంటే తర్వాత అమెరికాకి రెండో ప్రెసిడెంట్ అయినాయన, ఎనిమిది మంది సైనికుల్లో ఆరుగురిని వదిలేశారు, ఇద్దరికే శిక్ష పడింది అని. పాల్ రెవియర్ అని అప్పటి బోస్టన్ ఆయన ఈ కాల్పుల మీద వేసిన బొమ్మలో సైనికులు వరసగా నిలబడి ఆర్డర్ మీద కాల్చినట్టు ఉంటుంది, "అమ్మా ఇది నేను చూసినట్టు లేదు" అంది మాది. బొమ్మని కూడా అనుమానించడం నేర్చుకుంది, నాకు ఇంకేం కావాలి.

సిటీ ఆఫ్ ఇమిగ్రెంట్స్ అని ఇంకోటి, దాంట్లో లీనా బ్రాడ్‌స్కీ అని యూదుల అమ్మాయి, దీనికీ 14 ఏళ్లే, 1907లో న్యూయార్క్ వస్తుంది. అప్పట్లో ఓడల్లో వలస వచ్చేవాళ్లని ఆపి చూసే ఎల్లిస్ ఐలాండ్‌లో ఆఫీసర్ల ప్రశ్నల దగ్గర మొదలవుతుంది. అది ఆడుతున్నంతసేపూ మా ఆయన వచ్చి వెనక నిలబడ్డాడు. మేం 2009లో వచ్చినప్పుడు ఇమిగ్రేషన్ క్యూలో ఫైలు పట్టుకుని నిలబడ్డ సంగతి పిల్లలకి ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు, ఆ రోజు చెప్పాడు, ఆఫీసర్ ఏం అడిగాడు, తను ఏం తడబడ్డాడు, పచ్చళ్ల సీసాలు ఎలా తీయించారు అన్నీ. మన పిల్లలు ఉన్న ఇళ్లల్లో మొదట ఈ గేము పెట్టండి అని నా సలహా, అమెరికా చరిత్ర అనగానే అది వేరేవాళ్ల కథ అనుకుంటారు పిల్లలు, ఇది అలా అనిపించదు.

ఒక హెచ్చరిక. ఫ్లైట్ టు ఫ్రీడమ్ అనే గేము బానిసత్వం మీద, 1848లో కెంటకీలో లూసీ కింగ్ అనే అమ్మాయి ఒహాయో నది దాటి పారిపోవడానికి చూస్తుంది. బానిసత్వాన్ని గేముగా పెట్టడం ఏంటని ఇక్కడ దీని మీద విమర్శలు గట్టిగానే వచ్చాయి, వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. చిన్నోడికి పెట్టలేదు. పెద్దదానికి పక్కన కూర్చుని ఆడించాను, మధ్యలో రెండుసార్లు ఆపి మాట్లాడుకున్నాం. ఒంటరిగా వదిలేసి మీరు మీటింగుకి వెళ్లే గేము కాదు ఇది. ఇంకోటి, వీటిల్లో చదవాల్సింది చాలా ఉంటుంది, డైలాగులు అన్నీ ఇంగ్లీషే, ఐదో తరగతి లోపు పిల్లలకి కష్టం, ఫోన్‌లో కంటే ల్యాప్‌టాప్‌లో నయం.

ఐసివిక్స్ కూడా చూశాం, అమెరికా సుప్రీం కోర్టుకి మొదటి మహిళా జడ్జి సాండ్రా డే ఓకానర్ 2009లో మొదలుపెట్టించింది, ప్రభుత్వం ఎలా నడుస్తుంది అనే గేములు, బానే ఉన్నాయి, సిటిజన్‌షిప్ టెస్ట్‌కి చదువుతున్న పెద్దవాళ్లకి కూడా పనికొస్తాయి. మా పిల్లలు మాత్రం నాలుగు రోజులకే వదిలేశారు.

ఇప్పుడు సైన్స్. ఇక్కడ పోటీయే లేదు, ఫెట్. ఇంగ్లీషులో పీ, హెచ్, ఈ, టీ అని కొట్టి సిమ్యులేషన్ అని వెతకండి, మొదటే వస్తుంది. కొలరాడో యూనివర్సిటీ, బౌల్డర్ క్యాంపస్ వాళ్లది, కార్ల్ వీమన్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 2002లో మొదలుపెట్టారు, అంతకు ముందు ఏడాదే ఆయనకి నోబెల్ వచ్చింది, ఆ ప్రైజు డబ్బులో కొంత దీనికే పెట్టారు. నోబెల్ వచ్చింది బోస్-ఐన్‌స్టీన్ కండెన్సేట్ (విపరీతంగా చల్లబరిస్తే పరమాణువులన్నీ కలిసి ఒక్కటిలా ప్రవర్తించే స్థితి) తయారు చేసినందుకు, ఆ బోస్ మన సత్యేంద్రనాథ్ బోసే. వీమన్ లాంటి అంత పెద్దాయన స్కూలు పిల్లలకి బ్యాటరీ, బల్బు అర్థం కావట్లేదని కూర్చుని పని చేయించాడంటే నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

మేం ఎక్కువ వాడింది సర్క్యూట్ కిట్. స్క్రీన్ మీద వైర్లు, బ్యాటరీలు, బల్బులు, స్విచ్‌లు ఉంటాయి, లాక్కొచ్చి అతికించడమే. వైర్లలో ఎలక్ట్రాన్లు నీలం గోళీల్లా కదులుతూ కనిపిస్తాయి. చిన్నోడు మొదటి రోజే బ్యాటరీ రెండు చివర్లూ ఒక్క వైరుతో కలిపేశాడు, గోళీలు పిచ్చి స్పీడుగా తిరిగి బ్యాటరీకి మంటలంటుకున్నాయి, స్క్రీన్ మీదే లెండి. కేకలు పెట్టాడు. "తప్పు" అని ఎవరూ అనలేదు వాణ్ని, మంట చూసి వాడే వైరు తీశాడు, మధ్యలో బల్బు పెట్టాడు, మంట ఆగింది, మళ్లీ తీశాడు, మళ్లీ మంట. పదిసార్లు చేశాడు. షార్ట్ సర్క్యూట్ అంటే ఏంటో వాడికి ఇంక జన్మలో చెప్పక్కర్లేదు. ప్లగ్గులో వేలు పెట్టకూడదు అని మాత్రం పక్కనుంచి మనం చెప్పాలి, అది సైటు చెప్పదు.

తర్వాత ఒకే దారిలో వరసగా రెండు బల్బులు పెట్టి ఏది ఎక్కువ వెలుగుతుంది అని అడిగాను. "మొదటిది, ఎందుకంటే అది కరెంట్ వాడేసుకుంటుంది, మిగిలిందే రెండోదానికి వెళ్తుంది" అన్నాడు. నిజం చెప్పాలంటే చాలామంది పెద్దవాళ్లూ ఇలాగే అనుకుంటారు, కరెంట్ ఖర్చైపోతుంది అని. చేసి చూశాడు. రెండూ ఒకేలా వెలిగాయి. కరెంట్ కొలిచే ఆమీటర్ తెచ్చి మొదటి బల్బు ముందు పెట్టాడు, మధ్యలో పెట్టాడు, రెండోదాని తర్వాత పెట్టాడు, మూడు చోట్లా ఒకటే అంకె. 9 వోల్టుల బ్యాటరీ, 10 ఓమ్‌ల బల్బులు రెండు, 0.45 ఆంపియర్లు. వాడికి డివిజన్ వచ్చు కాబట్టి 9ని 20తో భాగించమన్నాను, కాగితం మీద అదే అంకె వచ్చేసరికి వాడి మొహం చూడాలి. గోళీలు ఎక్కడా తగ్గట్లేదు, తిరిగి తిరిగి మళ్లీ బ్యాటరీకే వస్తున్నాయి, బల్బు తీసుకునేది గోళీల్ని కాదు వాటి శక్తిని అని అప్పుడు చెప్తే ఎక్కింది, ముందే చెప్పుంటే ఎక్కేది కాదు.

ఇంకా మజా ఏంటంటే చీరాలలో మా అన్నయ్య కొడుకు పదో తరగతి, వాడికి కరెంట్ పాఠం ఉంది, శనివారం పొద్దున్న మాకు, వాళ్లకి సాయంత్రం, వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకే సిమ్యులేషన్ తెరుచుకుని కూర్చునేవాళ్లు. మా వాడు ఒక బల్బు తీసేస్తే రెండోది కూడా ఆరిపోయింది. వాడు "అత్తా, పెళ్లిళ్లలో పందిట్లో వేసే సీరియల్ సెట్ ఇదే కదా, ఒక బల్బు పోతే వరసంతా పోయేది, అందుకే దానికి ఆ పేరు" అన్నాడు. నా చిన్నప్పుడు మా నాన్న వినాయక చవితికి సీరియల్ సెట్ వేసి, అది వెలక్కపోతే ఒక్కో బల్బూ తిప్పి తిప్పి చూసుకుంటూ కూర్చునేవాడు, సీరియల్ అనే మాట ఆ సిరీస్ నుంచే వచ్చిందని నాకు నలభై ఏళ్లకి మేనల్లుడు చెప్తే తెలిసింది. ఇంట్లో ఫ్యాను కట్టేస్తే లైటు ఎందుకు ఆరదు అని వీడు అడిగాడు, బల్బుల్ని పక్కపక్క దారుల్లో పెట్టించి వాడే చూపించాడు. నేను కాఫీ తాగుతూ విన్నానంతే.

ఫెట్‌లో కొన్ని సిమ్యులేషన్లు తెలుగులో కూడా ఉన్నాయండి, వాలంటీర్లు అనువాదం చేసినవి, అన్నీ కాదు. ఇండియాలో తెలుగు మీడియం టీచర్లు ఎవరైనా ఇది చదువుతుంటే తప్పకుండా చూడండి. సిమ్యులేషన్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది, పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్లి స్కూల్లో ఉన్న ఒక్క కంప్యూటర్‌లో వేసినా చాలు. పెద్దదానికి నచ్చింది కుందేళ్లది, న్యాచురల్ సెలక్షన్, అంటే చుట్టుపక్కల పరిస్థితికి సరిపడ్డవే ఎక్కువగా బతికి మిగలడం. తెల్ల కుందేళ్లలో గోధుమ రంగువి పుట్టించి, తోడేళ్లని వదిలి, మంచు ప్రదేశంలో అయితే ఏవి మిగుల్తాయి, వేడి ప్రదేశంలో అయితే ఏవి మిగుల్తాయి అని చూడొచ్చు. తోడేళ్లని వదలడం మర్చిపోతే కుందేళ్లు ప్రపంచమంతా నిండిపోయాయి అని వస్తుంది.

లోటు ఏంటంటే, ఊరికే తెరిచి ఇచ్చేస్తే పిల్లలు ఐదు నిమిషాలు గెలికి వదిలేస్తారు. పాఠం చెప్పే గొంతు ఉండదు, ఇది చెయ్యి అది చెయ్యి అనదు. ఒక ప్రశ్న మనమే వెయ్యాలి, ఏమవుతుందో ముందు ఊహించి చెప్పించాలి, ఆ తర్వాతే ముట్టుకోనివ్వాలి. ఆ ఊహ తప్పైనప్పుడే మజా మొదలవుతుంది. నేను చిన్న నోట్‌బుక్ పెట్టాను, ఎడమ పక్క "నేను అనుకున్నది", కుడి పక్క "అయ్యింది". చిన్నోడి నోట్‌బుక్‌లో రెండు పక్కలూ కలిసిన పేజీలు తక్కువే, ఆ నోట్‌బుక్ నేను దాచిపెట్టుకుంటాను.

ఇక రాయడం. అన్నిటికంటే ఎక్కువ రాయాలని ఉంది దీని గురించే. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, ఆదివారం తెలుగు క్లాసుకి వెళ్తారు, గుణింతాలు వచ్చు, చదవమంటే కూడబలుక్కుని చదువుతారు, కానీ రాయమంటే చాలు మొహాలు వేలాడేస్తారు. ఎందుకు రాయాలి, ఎవరు చదువుతారు అని. న్యాయమే కదా, కాపీ రైటింగ్ ఎవడు ఇష్టంగా రాస్తాడు.

చిన్నోడికి స్టోరీవీవర్ పెట్టాను. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ వాళ్లది, 2015లో వచ్చింది, బొమ్మల కథలు, మన భాషలు చాలావాటిల్లో ఉన్నాయి, తెలుగులో బోలెడు. నాలుగు లెవెల్స్, మొదటి లెవెల్‌లో పేజీకి ఒకటో రెండో వాక్యాలు. ఓపెన్ లైసెన్స్ కాబట్టి వాళ్ల బొమ్మలే తీసుకుని మన కథ మనం రాసుకోవచ్చు. వాడు ఒక ఏనుగు బొమ్మా ఒక బస్సు బొమ్మా పట్టుకుని ఆరు పేజీలు రాశాడు, పేజీకొక వాక్యం. వాడికి అది చాలు ఈ వయసుకి.

పెద్దదాని సంగతి వేరు. మిషన్ యూఎస్ ఆడీ ఆడీ ఒక రోజు "మనవాళ్ల మీద ఇలాంటిది లేదా అమ్మా" అంది. వెతికాను. ఆ లోతులో ఉన్నది నాకు దొరకలేదు, అది నాకు నిజంగా వెలితి. రంపలో అల్లూరి సీతారామరాజు ఉన్నాడు, ఎన్ని కథలు లేవు మనకి. ఆ రాత్రి మా అమ్మతో ఫోన్లో ఈ మాట వస్తే మా అమ్మ "మన చీరాలది చెప్పవే దానికి" అంది.

చీరాల-పేరాల ఉద్యమం మీలో కొందరికి తెలిసే ఉంటుంది. చీరాల, పేరాల రెండూ కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది, పన్నులు విపరీతంగా పెరిగాయి, అక్కడ ఎక్కువమంది నేత పనివాళ్లు, బీదవాళ్లు, కట్టలేం అన్నారు, ప్రభుత్వం వినలేదు. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశం అయ్యాక గాంధీ గారు చీరాల కూడా వచ్చారు. ఆ తర్వాత దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం ఊరే ఖాళీ చేసేశారు, ఊరు లేకపోతే మునిసిపాలిటీ ఎక్కడ, పన్ను ఎక్కడ. ఊరి బయట పాకలు వేసుకుని దానికి రామనగరం అని పేరు పెట్టుకుని నెలల తరబడి ఎండకీ వానకీ అక్కడే ఉన్నారు. గోపాలకృష్ణయ్య గారిని జైల్లో పెట్టాక చివరికి వెనక్కి రావాల్సొచ్చింది. మా అమ్మ వాళ్ల తాతగారు అప్పుడు చిన్నపిల్లాడు, ఆ పాకల్లో ఉన్నాడు. మా అమ్మ స్పీకర్‌లో చెప్తుంటే చిన్నోడు అడిగాడు, "పన్ను కట్టడం అంటే డెంటిస్ట్ దగ్గర కట్టించుకోవడమా" అని. అమ్మ నవ్వి నవ్వి దగ్గొచ్చి ఫోన్ పక్కన పెట్టేసింది.

పెద్దది మాత్రం నవ్వలేదు. "అమ్మమ్మా, మగ్గం ఎలా తీసుకెళ్లారు" అంది. గుంట మగ్గం కదా, నేలలో గుంట తీసి పాతింది, పీకి భుజాన వేసుకుని పోవడానికి కాదు. అమ్మ కాసేపు ఆగి "అదేనే కష్టం, కొందరు పీకారు, కొందరు వదిలేశారు, మగ్గం వదిలేస్తే పనేదీ, పని లేకపోతే తిండేదీ" అంది. అక్కడ పట్టుకుంది పిల్ల. వెళ్లాలా, పన్ను కట్టి ఉండిపోవాలా, మగ్గం పీకాలా వద్దా.

దానికి ట్వైన్ చూపించాను. క్రిస్ క్లైమాస్ అనే ఆయన 2009లో తయారు చేసి ఫ్రీగా ఇచ్చిన టూల్, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, కొమ్మలు కొమ్మలుగా చీలే కథలు రాయడానికి. కోడింగ్ ఏమీ రానక్కర్లేదు. ఒక డబ్బా తెరిచి కథ రాస్తారు, చివర్లో చదివేవాళ్లు ఎంచుకోవాల్సిన మాటకి రెండేసి స్క్వేర్ బ్రాకెట్లు పెడితే ఆ పేరుతో ఇంకో డబ్బా దానంతటదే పుడుతుంది, మధ్యలో బాణం గుర్తు. తెలుగు చక్కగా పడుతుంది, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే కీబోర్డు పెట్టుకుంది. నాలుగు రోజుల్లో స్క్రీన్ నిండా డబ్బాలు, బాణాలు, మర్రిచెట్టు ఊడల్లాగా.

మొదటి డబ్బాలో రాసింది: "నా పేరు సుబ్బులు. మా నాన్న నేస్తాడు. ఇవాళ నాన్న ఇల్లు కాలీ చేద్దాం అన్నారు." నేను చూసి "ఖాళీ అని రాయాలి, వత్తు ఖ, ళ, ఇలా రాస్తే ఇల్లు కాలిపోయినట్టుంది" అన్నా. అది కాసేపు చూసి, తుడవలేదు. కింద ఇంకో వాక్యం రాసింది, "తమ్ముడికి ఇల్లు కాలిపోతుందని వినపడి ఏడ్చాడు" అని, అప్పుడు పైన ఖాళీ అని దిద్దింది. ఏడేళ్ల నుంచి తెలుగు క్లాసుకి పంపుతున్నా, ఒక అక్షరం మారితే కథ మారుతుందని దానికి తెలిసింది ఆ రోజే.

ట్వైన్ వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, బ్రౌజర్‌లో రాసింది ఆ బ్రౌజర్‌లోనే ఉంటుంది, హిస్టరీ, డేటా క్లియర్ చేస్తే కథ కూడా పోతుంది, కాబట్టి ఏ రోజుది ఆ రోజు ఫైలుగా దింపుకోండి. స్పెల్లింగులు దిద్దదు, ఐడియాలు ఇవ్వదు, బొమ్మలు ఇవ్వదు, తెల్ల కాగితం లాంటిది. బొమ్మలు కావాలనే చిన్న పిల్లలకి స్టోరీవీవరే, పదేళ్లు దాటినవాళ్లకి ట్వైన్. కథ అయ్యాక ఒకే ఫైలుగా వస్తుంది, వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్లు ఫోన్‌లో తెరిచి నొక్కుకుంటూ చదవొచ్చు.

ఆగస్టు చివర్లో అలాగే మా అమ్మకి పంపాం. ఇంకా పూర్తి కాలేదు, రామనగరానికి వెళ్లే దారంతా రాసింది, రెండో దారి మొదలే పెట్టలేదు. మా అన్నయ్య కొడుకు ఫోన్ పట్టుకుని చూపిస్తుంటే అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చదివిందట, ప్రతి చోటా ఆగి ఇంట్లో అందరినీ అడిగి మరీ నొక్కిందట. తెల్లారి మాకు ఇంకా ఐదు కాలేదు, ఫోన్. నాకు కాదు, దాన్ని లేపమంది.

"ఏమే, నేను పన్ను కట్టేద్దాం అని నొక్కాను, ఇంట్లో ముసలామె ఉంది కదా మంచంలో, ఆమెని పాకలోకి ఎలా తీసుకెళ్తాం అని. నొక్కితే ఖాళీ పేజీ వచ్చింది. ఉండిపోయినవాళ్లు ఏమయ్యారు, చెప్పు."

అది కళ్లు నులుముకుంటూ మంచం మీద లేచి కూర్చుంది. "అమ్మమ్మా, ఆ ముసలామె నేను రాయలేదు కదా."

"నువ్వు రాయలేదు, ఉంది, మా తాత వాళ్ల నాయనమ్మ. రాసుకో, చెప్తాను."

నేను వెళ్లి ల్యాప్‌టాప్ తెచ్చిచ్చాను.